పాట పాడినవారి పేరు, మాట చెప్పినవారి మరుగు

జానపదగేయ సంకలనముల పీఠికలు చదువువారికి ఒక విషయము తఱచుగా కానవచ్చును. సంకలనకర్త యెన్ని గ్రామములు తిరిగినది, దారిలో నెవ్వరు ఆతిథ్యమిచ్చినది, ఏ యుపాధ్యాయుడు తోడ్పడినది యందు సవిస్తరముగా నుండును. పాట పాడిన స్త్రీ పేరు మాత్రము పెక్కింట నుండదు. ఆమె ఒక వృద్ధురాలు, లేదా ఒక కూలిమనిషి, లేదా నాట్లు వేయుచున్న పదిమందిలో నొకతె. ఆ సంకలనకర్తలు చేసిన సేవ సామాన్యమైనది కాదు. వారు పూనుకొనకున్నచో ఆ పాటలలో పెక్కులు నేడు దక్కియుండెడివి కావు. అయినను పాట దక్కినది గాని పాడినవారు దక్కలేదను మాట కాదనరానిది.

నేడు అనేక విశ్వవిద్యాలయములలో క్షేత్రపరిశోధనకు బయలుదేరు విద్యార్థి మొదట నొక నైతిక పరిశీలక సంఘము అనుమతి పొందవలసియున్నది. సమాచారమిచ్చినవారి పేర్లు బయటపెట్టరాదనుట అందు సాధారణముగా కానవచ్చు షరతు. విద్యార్థి శ్రద్ధతో పేర్లన్నియు తొలగించి, వారికి అంకెలతో సంకేతములు పెట్టును. తొల్లి అలక్ష్యము వలన జరిగినదే నేడు నియమపాలన వలన జరుగుచున్నది. పూర్వపు సంకలనకర్తకు కనీసము తాను చేసినది లోపమను శంక యుండుట కవకాశము కలదు. నేటి విద్యార్థికి ఆ శంకయు లేదు, ఆతని యొద్ద అనుమతిపత్రము కలదు.

ఈ నియమములు పుట్టిన చోటు చూచిన గాని వీని స్వభావము తెలియదు. జర్మనీలో నాజీ వైద్యులు ఖైదీలపై చేసిన క్రూరప్రయోగములపై విచారణ జరిగిన పిమ్మట 1947లో న్యూరెంబర్గు నియమావళి వెలువడినది. 1964లో ప్రపంచ వైద్యసంఘము హెల్సింకీ నగరమున చేసిన ప్రకటన, అమెరికాలో 1979లో వెలువడిన బెల్మాంటు నివేదిక దాని తరువాతివి. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శకములును వైద్యారోగ్య పరిశోధనకే ఉద్దేశింపబడినవి. అన్నిటికిని మూలము రోగి శరీరము. తన వ్యాధిని లోకమునకు చాటుమని యే రోగియు సాధారణముగా కోరడు. కావున అచ్చట పేరు దాచుట రక్షణ. పాట వ్యాధి కాదు. నలువది యేండ్లుగా ఒక్క యూరిలో పెండ్లిపాటలకు పెట్టినది పేరైన స్త్రీకి ఆ పేరే సంపాద్యము. దానిని తుడిచివేసి, ఆమెను రక్షించితిమనుట వింత.

1986లో హైదరాబాదున స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను ఇచట స్మరింపవచ్చును. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలు తమ జీవితములను తమ నోట చెప్పిన గ్రంథమది. చాకలి అయిలమ్మ, మల్లు స్వరాజ్యము మొదలగువారు అందు స్వనామములతోనే మాటలాడిరి. ఆ పేర్ల స్థానమున సంకేతములుంచినచో ఆ గ్రంథమునకు ఆ పేరు పెట్టుటకే యర్హత యుండెడిది కాదు.

అయినంతమాత్రమున అందఱి పేర్లును ముద్రింపవలెనని యెవ్వరును వాదింపరాదు. మరుగు నిజముగా కావలసిన చోట్లు భాషాపరిశోధనలో తక్కువగా లేవు. విచారమేమన, అచ్చట పేరు తీసివేయుట చాలదు. మాండలిక పరిశోధననే చూడుడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులుగా 1962లో వ్యవసాయ పదములతో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశము వంటి కృషిలో చిక్కు లేదు. నాగలికి, కాడికి, మేడికి రహస్యములుండవు. కాని మాటతీరు సహజముగా రావలెనన్నచో విడిపదములడిగిన చాలదని, స్వేచ్ఛగా నొక సంగతి చెప్పించవలెనని శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. “మీ బతుకులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి” అని యడుగుదురు. అడిగిన పిమ్మట మనుష్యులు చెప్పుదురు. గట్టు తగాదాలో మఱది కొట్టిన దెబ్బ, ఇల్లు విడిచి వెళ్లిన కుమార్తె, అప్పులవాని మాటలు, అన్నియు వచ్చును. పరిశోధకుడు అందలి అచ్చుల హ్రస్వదీర్ఘములను, క్రియారూపములను పరిశీలించి, పాఠమును యథాతథముగా అనుబంధమున చేర్చును. మాండలికశాస్త్రమునకు ఊరు, కులము, వృత్తి, వయస్సు, స్త్రీపురుష భేదము చెప్పక తప్పదు. నూటయేబది గడపల యూరిలో కమ్మరి యిల్లు ఒక్కటే యైనప్పుడు, “అరువదేండ్ల కమ్మరి స్త్రీ” యనినంతనే ఆ యూరివారికి ఆమె యెవరో తెలియును. పేరు తీసి ప్రయోజనమేమి?

పూర్వము సిద్ధాంతవ్యాసము టైపు ప్రతులు రెండో మూడో గ్రంథాలయపు బీరువాలో నుండెడివి. పరీక్షకులు తక్క చదువువారు అరుదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో చేసిన నిబంధనల ననుసరించి సిద్ధాంతవ్యాసములు శోధగంగ యను నెలవున చేర్చబడుచున్నవి. విద్యావ్యాప్తికి అది మేలే. అయితే ఆ కమ్మరి స్త్రీ మఱది మనుమడు చేతనున్న ఫోనులో ఆ యనుబంధమును చదువగలడు. చెప్పిన నాడు ఆమె యెదుట నున్నది ఒక విద్యార్థి, ఒక చిన్న యంత్రము. ఊరంతయు వినుచున్నదని ఆమె యెఱుగదు.

భాషను నమోదు చేయుట యెల్లప్పుడును నిరపాయమైన పనియని తలచువారు గతశతాబ్ది చరిత్రను కొంచెము చూడవలెను. 1871 నాటి నేరస్థజాతుల చట్టము క్రింద కొన్ని సంచారజాతులు పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కింపబడినవి. స్వాతంత్ర్యానంతరము 1952లో గాని అది రద్దు కాలేదు. మద్రాసు రాజధానిలోని అట్టి జాతులను గూర్చి 1892లో గ్రంథము వ్రాసిన ముల్లాలీ పోలీసు అధికారి. గ్రియర్సను భాషాసర్వేక్షణలో సంచారజాతుల భాషలకై 1922లో ఒక సంపుటము ప్రత్యేకముగా వెలువడినది. అది పండితుని కృషి. కాని పండితుడు విద్యకై కూర్చిన పదపట్టికయు, పోలీసులు పట్టుకొనుటకై కూర్చిన పట్టికయు ఒక్క బీరువాలో పక్కపక్కన నుండగలవు. పరుల యెదుట తమవారు మాత్రమే గ్రహించునట్లు మాటలాడుకొను గుప్తభాష గల సమూహములు నేటికిని కలవు. ఆ మాటల యర్థములు అచ్చుపడిన నాడు ఆ భాష చచ్చినట్లే. దానిని చెప్పినది ఒక్కడు, పోగొట్టుకొన్నది సమూహమంతయు. ఇట్టిచోట ఒక్కని సంతకము ఎవరి సమ్మతి?

సమ్మతి యను మాటను గూర్చి భాషావేత్తలు ఇతరులకంటె నెక్కువగా ఆలోచింపవలసియున్నది. 2009లో నాటి ఖమ్మము జిల్లాలో భద్రాచలము మొదలగు మండలముల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నివారణకై టీకాలు వేసిరి. అమెరికాకు చెందిన యొక సంస్థ వైద్య పరిశోధన మండలితో కలిసి నడపిన కార్యక్రమమది. 2010 ఏప్రిలులో ప్రభుత్వము దానిని నిలిపివేసెను. కొందఱు బాలికలు మరణించినను అందులకు టీకా కారణము కాదనియే విచారణలో తేలినది. కనుక ఇచట ప్రశ్న టీకాను గూర్చినది కాదు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము సమర్పించిన నివేదికలో ఆంధ్రప్రదేశమున పరిశీలింపబడిన 9,543 సమ్మతిపత్రముల లెక్క కలదు. అందు 1,948 వేలిముద్రలు. 2,763 వసతిగృహపు వార్డెనుల సంతకములు. బాలికలలో పెక్కుమంది గిరిజనులు, ఆశ్రమ పాఠశాలలలో చదువుకొనుచున్నవారు. పత్రములున్నవి, సంతకములున్నవి, సమ్మతి లేదు.

భాషాపరిశోధనలో టీకా లేదు గాని వార్డెను కలడు. ఊరి సర్పంచి, బడి పంతులు, ఇంటి పెద్దకొడుకు వార్డెనులే. పరిశోధకునితో వారు వచ్చి, “ఈ సారు పట్నం నుంచి వచ్చాడు, ఒక పాట పాడవే” యన్నప్పుడు ఆమె “అట్లాగే” యనును. “మీరు అడిగితే కాదంటామా” యనును. ఇవి మర్యాదలు, ఒప్పుకోలు కావు. తెలుగున కాదనుటకు కాదనరు. “చూద్దాం లెండి” యందురు, “రేపు రండి” యందురు, “మా ఆయన్ను అడిగి చెప్తా” నందురు, “నాకేం వచ్చు బాబూ” యందురు. ఇవన్నియు నిరాకరణములని తెలుగు పుట్టుభాషయైన వానికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇట్టి ప్రయోగములపై వ్యాసములు వ్రాయు పండితుడే టేపు చేతబట్టి నిలుచున్నప్పుడు “రేపు రండి” యన్నది నిజముగా ఆహ్వానమని గ్రహించి, మఱునాడు మరల పోవును. మూడవసారికి ఆమె విసిగి పాడును. అది సమ్మతిగా నమోదగును.

ఇంకొక చిక్కు భాషలను గూర్చినది. వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017లో తీర్పు చెప్పెను. పిమ్మట 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేయబడినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోనికి వచ్చునట్లు ఏర్పాటైనవి. సమ్మతి కోరునప్పుడు విషయమును ఆంగ్లమున గాని, రాజ్యాంగపు ఎనిమిదవ అనుసూచికలోని 22 భాషలలో దేనియందు గాని చదువుకొను వీలుండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. తెలుగువారికి ఇది మేలు. కోయ, గోండి, కొలామి మాటలాడువారికి? వారి భాష ఆ 22లో లేదు. ఆ భాషల వ్యాకరణములు వ్రాయుటకు పోవు పరిశోధకుడు వారికి తెలుగు పత్రమిచ్చి వేలిముద్ర గొనుట చట్టమునకు సరిపోవునేమో. ఆతని చదువునకు సరిపోదు. పరిశోధనకు కొన్ని షరతులపై ఆ చట్టమున మినహాయింపు కలదు. మినహాయింపును చూచి ఊపిరి పీల్చుకొనువారు తాము దేనినుండి తప్పించుకొనుచున్నదియు ఒకమాఱు చూచుకొనుట మంచిది.

ఒక పనికై ఇచ్చినదానిని వేఱొక పనికి వాడుట యింకొక అన్యాయము. అమెరికాలో హవసుపాయి యను ఆదిమజాతివారు 1990 ప్రాంతమున మధుమేహ పరిశోధన యని నమ్మి రక్తమిచ్చిరి. ఆ రక్తముపై మానసికవ్యాధులను గూర్చియు, వారి పూర్వుల వలసలను గూర్చియు పరిశోధనలు జరిగినవని వారికి తరువాత తెలిసినది. వ్యాజ్యము సాగి, 2010లో విశ్వవిద్యాలయము పరిహారమిచ్చి మిగిలిన రక్తమును వారికి మరలించినది. భాషాశాఖలలో రక్తమునకు బదులు కంఠము కలదు. మాండలికమునకై పాడించిన గొంతును నేడు యంత్రములకు మాట నేర్పుటకు వాడవచ్చును. ఆ సంగతి పాడినవారికి చెప్పినవారెవ్వరు? 1980 ప్రాంతపు క్యాసెట్టులలోని వారిలో పెక్కుమంది ఇప్పుడు లేరు. వారి బిడ్డలున్నారు, ఊరు పేరు ఆ క్యాసెట్టు పెట్టెపైననే వ్రాసియుండును. పోయి యడుగుట కష్టమే గాని అసాధ్యము కాదు.

పరిశోధకులు పాట పాటకు, కథ కథకు వేఱువేఱుగా అడుగవలెను: దీని క్రింద నీ పేరు వేయవలెనా, దాచవలెనా, ఊరు చెప్పవచ్చునా, ఎల్లవారు వినునట్లు పెట్టవచ్చునా యని. ఒక్క స్త్రీయే పెండ్లిపాటకు పేరు కోరి, అత్తను తిట్టు పాటకు వలదనవచ్చును. వ్రాసికొన్న పాఠమును మరల ఆమెకు చదివి వినిపించి, తీసివేయుమన్నది తీసివేయవలెను. సిద్ధాంతవ్యాసమున ఒక పుట తగ్గినచో డాక్టరేటు ఆగదు. అసలు పేర్ల పట్టిక వేఱుగా ముద్రవేసి యుంచవలెను. అది నేడు పెక్కుచోట్ల ఆచార్యుని యింటి అటకపైననో, విద్యార్థి పాత కంప్యూటరులోననో యున్నది. ఆచార్యుడు ఉద్యోగవిరమణ చేసిన నాడు అది యెవరి చేతికి పోవలెను, ఎన్నేండ్లకు విప్పవలెను, ఎవరడిగినను ఇయ్యరానిదేది యను మూడు సంగతులను తెలుగుశాఖలు తమ పరిశోధక సంఘముల తదుపరి సమావేశమునకే చర్చనీయాంశములుగా చేర్చవలెను.