పదహారింట నాలుగు

మహావిస్ఫోటనం పాఠాన్ని పేరు చెప్పి దాటేస్తే, పిల్లలకు మిగిలేది ఆ పేరే. కర్నూలు, కడప బడుల్లో పదో తరగతి పిల్లలు నల్లబల్ల మీద తేల్చగల లెక్క అందులో ఒకటుంది. తొలి నిమిషాల్లో విశ్వం చల్లబడేసరికి సుమారుగా 7 ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ మిగిలింది. అంటే 14కు 2. ఆ రెండు న్యూట్రాన్లు రెండు ప్రోటాన్లతో కలిస్తే ఒక హీలియం కేంద్రకం. మొత్తం 16లో 4, ద్రవ్యరాశిలో పావు వంతు. మిగిలింది దాదాపు అంతా హైడ్రోజనే, లిథియం లేశమాత్రం. నక్షత్రాలు అంతగా మార్చని గెలాక్సీల్లో కొలిచినా ఇంచుమించు ఇదే పావు వంతు. భాగహారం వస్తే చాలు, ఇంతదూరం వెళ్లొచ్చు!

హీలియం కథ మనకు పరాయిదీ కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే పరిశీలించాడు. ఆనాటి వర్ణపటాల్లోని పసుపు గీత సోడియానిది కాదని, హీలియానిదని తర్వాత తేలింది. భూమ్మీద హీలియాన్ని రసాయన శాస్త్రవేత్త రామ్సే 1895లో పట్టుకున్నది యురేనియం ఖనిజంలో. పులివెందుల దగ్గరి తుమ్మలపల్లెలో తవ్వుతున్నదీ యురేనియమే. అది విడిచే ఆల్ఫా కణం హీలియం కేంద్రకమే, కానీ ఆది నిమిషాల నాటిది కాదు. యురేనియం అప్పటికి పుట్టనే లేదు.

ఈ తేడా వివరించగల ఉపాధ్యాయులు కావాలి. వేసవి శిక్షణ తరగతుల్లో విద్యాశాఖ దీనికి ఒక పూట కేటాయించాలి.