చేలో దొరికిన రాతి గొడ్డలికి రికార్డేదీ?

దున్నిన చేను మీద ఒక గట్టి వాన కురిస్తే మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలతాయి. వాటిలో కొన్నింటి అంచులు మామూలుగా పగిలినట్టు కనిపించవు. సుత్తిరాయి దెబ్బ తగిలిన చోట చిన్న గుబ్బ, దాని నుంచి చెరువు నీటిలో అలల్లా విస్తరించే సన్నటి వంపులు, రెండు వైపులా వరసగా చెక్కు లేపిన గుంటలు ఉంటాయి. నాగలి తగిలి పగిలిన రాయి మీద ఇన్ని గుర్తులు ఇంత క్రమంగా పడటం అరుదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ మెట్ట పొలాల్లో ఇలాంటి పాతరాతియుగపు పనిముట్లు, నునుపుగా నూరిన కొత్తరాతియుగపు గొడ్డళ్లు బయటపడుతూనే ఉన్నాయి. వాటిని గుర్తుపట్టగల ఉపాధ్యాయులు, చరిత్ర ఔత్సాహికులు కూడా మనకున్నారు. అయితే ఫలానా రాయి ఫలానా చేలో దొరికిందని ఎవరైనా వెళ్లి నమోదు చేయించుకోగల రిజిస్టరు మాత్రం జిల్లాల్లో లేదు. పొలాల్లో రాతి పనిముట్లు వెతికే అలవాటును అనుమానంగా చూడటం మాని, ఆ రిజిస్టరు తెరిచి, ఈ వెతుకులాటను పురావస్తు శాఖలు తమ పనిలో కలుపుకోవాలి.

అసలు మన దేశంలో ప్రాక్‌చరిత్ర అధ్యయనానికి పునాది వేసింది ఉద్యోగరీత్యా పురావస్తువేత్త కాదు. జియలాజికల్ సర్వేలో పనిచేసే భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర గుంటలో ఒక చేతిగొడ్డలిని గుర్తించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు దక్షిణాదిలో తిరిగి పోగుచేసిన రాళ్లను 1904లో మద్రాసు మ్యూజియానికి అప్పగించాడు. ఆ సేకరణ నేటికీ పనికొస్తోందంటే కారణం రాళ్ల అందం కాదు, ఏది ఏ ఊళ్లో దొరికిందో ఆయన రాసి పెట్టడం. 1863లోనే ఆయన బృందం గుర్తించిన అత్తిరంపాక్కంకు తర్వాతి తరాలు తిరిగి వెళ్లి తవ్వగలిగాయి. అక్కడి పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించారు. చోటు రాసి ఉండకపోతే ఆ గొడ్డళ్లు అద్దాల బీరువాలో వింత రాళ్లుగానే మిగిలేవి. ఇంగ్లండులోని హాక్స్నేలో ఇటుకమట్టి తవ్వే కూలీలు చెకుముకి గొడ్డళ్ల విలువ తెలియక బుట్టల కొద్దీ తెచ్చి బండిబాట గుంతల్లో పోశారని 1797లోనే జాన్ ఫ్రేర్ రాశాడు. మన దగ్గర ఈనాటికీ ఎన్ని గొడ్డళ్లు కంకరతో కలిసి రోడ్ల కిందికి పోతున్నాయో లెక్కచెప్పే వాళ్లు లేరు.

ఇంగ్లండు ఆ అనుభవం నుంచి నేర్చుకుంది. 1997లో కొన్ని ప్రాంతాల్లో మొదలై 2003 నాటికి ఇంగ్లండు, వేల్సు అంతటా విస్తరించిన నమోదు పథకం కింద, పొలంలో ఏదైనా దొరికినవాళ్లు ప్రాంతీయ అధికారికి చూపిస్తారు. ఆయన కొలతలు తీసుకుని, ఫొటో తీసి, దొరికిన చోటు రాసుకుని వస్తువును తిరిగి ఇచ్చేస్తాడు. బ్రిటిష్ మ్యూజియం నడిపే ఆ జాబితాలో ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు చేరాయి. ఎక్కువ భాగం లోహపు వస్తువులే అయినా చెకుముకి పనిముట్లూ వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ రాతి పనిముట్లను చూపించాలని చట్టం బలవంతపెట్టదు. భయం లేదు కాబట్టే జనం చూపిస్తున్నారు. అంతకు ముందే, 1940ల చివర్లో, యార్క్‌షైర్‌లో జాన్ మూర్ అనే స్థానిక ఔత్సాహికుడు పొలాల మధ్య గుర్తించిన చెకుముకి ముక్కల వల్లే స్టార్ కార్ వెలుగు చూసింది. దాదాపు 11 వేల ఏళ్ల నాటి ఆ వేటగాళ్ల ఆవాసాన్ని కేంబ్రిడ్జి పురావస్తువేత్త గ్రాహమ్ క్లార్క్ తవ్వించాడు.

ఇలా తలుపులు తెరిస్తే దొంగ తవ్వకాలు పెరుగుతాయన్న అభ్యంతరం బలమైనదే. గుప్తనిధుల పేరుతో గుళ్లు తవ్వుతున్న చోట ఆ భయం ఉండటం సహజం. అయితే నేను అడుగుతున్నది దున్నిన నేల పైన కనిపించే రాయిని నమోదు చేయమని మాత్రమే. గునపం పట్టినవాడు నేరస్థుడే, రక్షిత స్థలంలో అడుగుపెట్టి ఏరినవాడూ నేరస్థుడే. ఇక దున్నిన మట్టిలోని రాయి తన పొరను ఎప్పుడో కోల్పోయింది. దానికి మిగిలింది ఏ చేలో దొరికిందన్న సమాచారమే. నాగలి దాన్ని అటూ ఇటూ జరుపుతుందే గానీ ఊరు దాటించదు. రోటవేటరు మాత్రం ముక్కలు చేస్తుంది. ముట్టుకోకుండా వదిలేయడమే రక్షణ అనే వాదన ఇక్కడ నిలవదు. నంద్యాల జిల్లా జ్వాలాపురాన్ని చూడండి. దాదాపు 74 వేల ఏళ్ల క్రితం సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద అక్కడ పొరగా పడింది. ఆ పొర కిందా పైనా మనుషుల పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ప్రపంచమంతా చర్చించుకున్న అదే బూడిదను వ్యాపారం కోసం తవ్వి లారీలకెత్తారు. అక్కడ నష్టం చేసింది రాళ్లేరే ఔత్సాహికులు కాదు.

సామాన్యులు పొరబడతారన్నది మరో మాట. పొరబడతారు, నిజమే. పది ఫొటోలు పంపితే తొమ్మిది ఉత్త రాళ్లే కావచ్చు. వాటిని పక్కన పెట్టడానికి అనుభవమున్న అధికారికి ఎంతోసేపు పట్టదు. పదోదాన్ని వెతుక్కుంటూ ఆయనే ఊరూరా తిరగాలంటే మాత్రం ఉద్యోగ జీవితమంతా చాలదు.

అన్నిటికంటే నిజమైన అడ్డంకి రైతు భయం. రాయి దొరికిందని చెబితే భూమి పోతుందేమో, బోరు వేయనివ్వరేమో అనే అనుమానం రైతు నోరు కట్టేస్తోంది. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలనే 1878 నాటి చట్టం నిధుల కోసం పుట్టింది. రాతి గొడ్డలి చూపించడానికి వచ్చిన రైతును ఆ చట్టం కింద నిందితుడిలా నిలబెడితే మరొకరు రారు. ఒంటరి రాయి దొరికినంత మాత్రాన భూమి జోలికి రామని ప్రభుత్వం లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి. చోటు వివరాలు పరిశోధకులకే గానీ అందరికీ తెలియకూడదు. వెతికేవాళ్లు రైతు అనుమతి లేకుండా గట్టు దాటకూడదు. అమ్మకం ఊసే ఉండకూడదు. రాయి నిజంగా విలువైనదైతే రైతు పేరుతోనే జిల్లా మ్యూజియంలో పెట్టాలి.

దీనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మన రైతుకు తన సర్వే నంబరు నోటికొచ్చు, చేతిలో ఫోనుంది. సర్వే నంబరు, దొరికిన తేదీ, చేలో ఏ మూలన, పక్కన ఇంకా చెక్కు ముక్కలున్నాయా అన్న వివరం, కొలత తెలిసేలా ఒక రూపాయి నాణెం పక్కన పెట్టి రెండు వైపులా తీసిన ఫొటోలు ఉంటే చాలు. నంద్యాల, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక్కో నమోదు అధికారిని నియమించడానికయ్యే జీతాన్ని రెండు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్‌లోనే కేటాయించవచ్చు.