అచేతనమునకు పాత్రత్వము కలదా?

గోదావరీతీర కథలను సమీక్షించువారు నదిని ఒక పాత్రగా పేర్కొనుట పరిపాటి యైనది. కథలో వరద వచ్చిన చాలును, గోదావరికి పాత్రత్వము సిద్ధించును. ఈ మాట ప్రశంసగా చెల్లవచ్చును గాని శాస్త్రదృష్టితో పరీక్షింపదగినది. పాత్ర యనగా గిన్నె యను అర్థమును కలదు. ఆ యర్థమున పాత్ర యెల్లప్పుడును అచేతనమే. కథలోని పాత్ర సంగతి వేరు.

మేఘము, వాయువు, చంద్రుడు మున్నగు వానిని దూతలుగా పంపుట యుక్తిహీనమని భామహుడు ఆక్షేపించెను. ఉత్కంఠచే ఉన్మత్తునివలె పలికినచో పలుకవచ్చునని కొంత సడలింపును ఇచ్చెను. మేఘసందేశమున మేఘము ఒక్క మాటయు బదులు పలుకదు. ఆ మౌనమునే యక్షుడు అంగీకారముగా గ్రహించును. అచట తెలియవచ్చునది యక్షుని హృదయమే గాని మేఘుని హృదయము కాదు.

శాకుంతలమున ఉంగరము చేయు పని అంతకంటె పెద్దది. అది జారిపోయినందున శకుంతల తిరస్కృత యైనది. దొరకినందున రాజునకు స్మృతి కలిగినది. అది లేనిదే కథ నడువదు. అయినను అది నిమిత్తమే, పాత్ర కాదు. ఆరవ అంకమున దుష్యంతుడు ఉంగరమును నిందింపబోయి, అది అచేతనము గదా, తానేల ప్రియను నిరాకరించితినని నిందను తనవైపునకే మరల్చుకొనును. దుర్వాసుని శాపము ఉండనే యున్నది. అయినను ఉంగరము చాటున దాగుటకు కాళిదాసు రాజునకు అవకాశమీయలేదు.

కోలాహల పర్వతము ఇందుకు భిన్నము. నన్నయ రాజమహేంద్రవరమున తెనిగించిన ఆదిపర్వమున ఈ కథ కలదు. రామరాజభూషణుడు దానినే వసుచరిత్రముగా పెంచెను. కోలాహలుడు శుక్తిమతీ నదిని మోహించి అడ్డగించెను. వసురాజు పాదముతో వానిని తొలగించెను. ఆ నదీపర్వతముల సంతానమే గిరిక. ఈ కొండకు కోరిక కలదు, అపరాధము కలదు, దండనయు కలదు. చేయక మానగలిగియు చేసినది గనుకనే ఆ దండన న్యాయమైనది. పాత్రత్వమునకు గీటురాయి ఇదియే. పలుకు కాదు, ఆకారము కాదు. నిరింద్రియములందు ఆరోపించిన రసము ఆభాసమే యని హేమచంద్రుడు చెప్పిన మాట నిజమే కావచ్చును. రసము ఆభాసమైనంతనే పాత్ర ఆభాసము కానేరదు.

గోదావరికి ఈ యోగ్యత ఎచ్చటను లేదనరాదు. ఉత్తరరామచరితము మూడవ అంకమున లోపాముద్ర మురళా నది ద్వారా గోదావరికి సందేశము పంపును: రాముడు మూర్ఛిల్లినపుడెల్ల చల్లని అలలగాలితో సేదదీర్చవలెనని. గోదావరి రంగముపైకి రాదు. అయినను ఆమెపై ఒక కర్తవ్యము మోపబడినది. కావున ఆమె కనబడని పాత్ర. 1878లో వెలువడనారంభించిన రాజశేఖరచరిత్రమున వీరేశలింగము గోదావరీ ధవళగిరులను వర్ణించి కథకు ఉపక్రమించెను. అచట నది నెలవు మాత్రమే. ఆయన అంతకు మించి దానిని కోరలేదు.

ఇక వరదకథల మాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవాహము వచ్చినది. గట్లకు గండ్లు పడినవి, ఊళ్లు మునిగినవి. అట్టి వరదను చిత్రించు రచయిత గోదావరి కోపించినదని ముగించి ఊరకున్నచో, గట్టును సకాలమున బలపరుపవలసినవాడు కథలోనుండి మెల్లగా జారుకొనును. దుష్యంతుడు తనకు తాను ఇచ్చుకొనని సాకును వానికి విమర్శకుడు ఇచ్చుట ఏల? అట్టి కథలో నది మనస్సును వెదకుటకు ముందు, ఆ రాత్రి గట్టుపై కావలి యున్నదెవరో, ఇసుక బస్తాలు ఏ వేళకు చేరినవో రచయిత చెప్పెనా లేదా యని చూడవలసి యున్నది.