గుమాస్తా కబుర్లు: ఒక పాఠం, నాలుగు పుస్తకాలు

మన ఇళ్ళలో వ్రతమో, గృహప్రవేశమో జరిగినప్పుడు పురోహితులవారు సంకల్పం చెప్పడం అందరమూ విన్నదే. అందులో చాలా భాగం ఎప్పుడూ ఒకటే. సంవత్సరం, మాసం, తిథి, శ్రీశైలానికి మన ఊరు ఏ దిక్కున ఉన్నదనే మాట, గోత్రం, పేర్లు మాత్రం మారుతూ ఉంటవి. ఇంటికొక కొత్త సంకల్పం ఎవరూ వ్రాసుకోరు. ఉన్న పాఠంలోనే మార్చవలసిన చోటు తెలిసి మారుస్తారు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుండి మదరాసు రాష్ట్రంలో చేరింది. మన పెద్దల చిరునామాలలో చిత్తూరు జిల్లా పోయి చెంగల్పట్టు జిల్లా వచ్చింది. 1997లో అదీ పోయి తిరువళ్ళూరు జిల్లా వచ్చింది. సంకల్పంలో శ్రీశైలం దిక్కు మాత్రం మారలేదు! ఏది మారుతుందో, ఏది మారదో తెలిసి వేరు చేయడం పెద్ద విద్య. ఆ విద్యలో నేను ఎట్లా తప్పినానో ఈ నెల చెప్పుకుంటాను.

నేను మోటారు పంపులు చేసే ఒక కంపెనీలో గుమాస్తాను. చదివింది మెట్రిక్యులేషనే అయినా తమిళం, తెలుగు రెండూ వ్రాయగలను గనుక, మోటారుతో పాటు ఇచ్చే వాడకం పుస్తకాల పని నా బల్ల మీదికి వచ్చింది. బోరుబావిలో దించే మోటార్లు మా దగ్గర రెండు రకాలు. ఒకదానిలో, దించే ముందు, శుభ్రమైన నీరు నింపాలి. రెండవది ఫ్యాక్టరీలోనే నూనె నింపి మూసి వస్తుంది; దాని మూత విప్పరాదు. రెండు రకాలు, రెండు భాషలు, వెరసి నాలుగు పుస్తకాలు. కేబులు, ఎర్తు, స్టార్టరు సంగతులన్నీ రెంటికీ ఒకటే.

మొదట నాలుగూ విడివిడిగా ఉంచుకునేవాడిని. ఒకదానిలో సవరణ చేస్తే తక్కినవాటిలో ఏదో ఒకటి మరచేవాడిని. తర్వాత షరతు గుర్తుల పద్ధతి నేర్పినారు. భాషకొక మూల పాఠమే ఉంటుంది. కొన్ని వాక్యాలకు ‘నీటి మోటారు’ అనీ, కొన్నింటికి ‘నూనె మోటారు’ అనీ కంప్యూటరులో గుర్తు పెడతాము. ఏ పుస్తకం కావాలంటే ఆ గుర్తున్నవి కనబడతవి, తక్కినవి దాగుతవి. గుర్తు లేనివి రెండింటిలోనూ వస్తవి. 1995లో అడోబి వారి చేతికి వచ్చిన ఫ్రేమ్‌మేకర్‌లో ఈ సదుపాయం ఉన్నది. ఐబియం వారు 2001లో బయటపెట్టిన డైటా అనే పద్ధతి 2005లో ప్రమాణంగా స్థిరపడింది; దానిలోనూ ఒకచోట వ్రాసిన పేరాను పలుచోట్ల వాడుకోవడమే ముఖ్యం.

ఇంజనీరును అడగవలసిన సందేహాలకు నేను మరొక గుర్తు పెట్టుకున్నాను: ‘ఆఫీసు మాట’. అచ్చులో అది దాగిపోతుంది. నీరు నింపే అంచె పక్కన, ‘బుడగలు ఆగేదాకా ఎంతసేపు ఉండాలి?’ అని వ్రాసుకుని ఆ గుర్తు పెట్టినాను. తొందరలో గుర్తు నా ప్రశ్నకే గాక ఆ అంచె మొత్తానికీ పడింది. అచ్చులో అంచె మాయమైంది. వరుస అంకెలు వాటంతట అవే సర్దుకున్నందున ఎక్కడా ఖాళీ కనబడలేదు. చిరిగిన పుట అయితే చేతికి తెలిసేది. దాగిన మాటకు గుర్తేమున్నది?

పళ్ళిపట్టు పక్క మా మేనమామ ఆ మోటారే కొన్నాడు. పుస్తకం చదివి, ఫిట్టరుకు అంచె అంచె చెప్పి దింపించినాడు. నీటి మోటారులో బేరింగులు జారడానికీ, తీగల చుట్టలు చల్లబడడానికీ ఆ నీరే ఆధారం. రెండు దినాలకే కాలిపోయింది. కంపెనీ వారు కొత్త మోటారు ఇచ్చినారు గాని, అది వచ్చేలోగా వాడిన వేరుశనగ తిరిగి రాలేదు.

“నీళ్ళు పొయ్యమని ఉంటే పోసేవాణ్ణి గదా అల్లుడూ! పుస్తకం చూసే చేసినానే,” అన్నాడు మామ. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటినుండి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఒకటి, గుర్తు పూర్తి వాక్యానికే గాని మాటకు పెట్టను. మన భాషలో విభక్తి మాటను అంటుకుని ఉంటుంది, క్రియ చివర వస్తుంది. నడుమ ఒక మాట మార్చితే వాక్యమే కుంటుతుంది. రెండు, నా సందేహాలు మూల పాఠంలో వ్రాయను, వేరే నోటుబుక్కులో వ్రాసుకుంటాను. మూడు, మూల పాఠం ఎన్నిసార్లు చదివినా చాలదు. నాలుగు పుస్తకాలనూ వేటికవిగా అచ్చుతీసి, మోటారు పక్కన పెట్టి, మొదటి అంచె నుండి ఫిట్టరు చేత చదివిస్తాను.

శుభలేఖలు అచ్చువేయించే మన కుటుంబాల వారికీ ఇదే మనవి. మగపెళ్ళివారి కార్డు సరిచూసినాము గదా, ఆడపెళ్ళివారిది అదే పాఠమని వదలకండి. చేతికి వచ్చేది మూల పాఠం కాదు, కార్డు. మా మామ చేతికి వచ్చిందీ అంతే.