రెండవ కంట్రోలర్ ఎందుకు పలకలేదు?

గత మాసం మదరసా సెలవులలో మేము ఎల్బీనగర్‌లోని మా తమ్ముడి ఇంట కొన్ని దినాలు గడిపాము. అక్కడ జరిగిన ఒక చిన్న సంగతి పాఠకులకు పనికివస్తుందని తోచి రాస్తున్నాము. ఇందులో మా పొరపాటు కూడా ఉంది.

మా మరదలు అటకమీది నుండి ఒక పాత వీడియో గేమ్ సెట్టు దింపించింది. తమ్ముడు కుర్రవాడిగా ఉన్నప్పుడు, 1990ల మధ్యలో కొన్నది. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1983 జూలైలో ‘ఫ్యామికామ్’ అనే యంత్రాన్ని విడుదల చేసింది. క్యాసెట్టు గుచ్చి టీవీకి తగిలించుకునే ఆ రోజుల సెట్లలో మన ఇళ్ళకు చేరినవి ఎక్కువగా దాని నకళ్ళే. నింటెండో 1889లో క్యోటో నగరంలో పేకముక్కల తయారీతో మొదలైన సంస్థ. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే తమ్ముణ్ణి మరింత గట్టిగా మందలించేవాళ్ళమేమో!

ఇప్పుడు మా అభిప్రాయం కొంత మారింది. పిల్లలిద్దరూ చెరొక మూల ఫోను పట్టుకుని కూర్చోవడం కన్నా ఇది నయమని మరదలు వాదించింది. దీనికి రెండు కంట్రోలర్లు. అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చోక తప్పదు. పైగా స్విచ్ తీస్తే ఆట ముగిసినట్లే. ఆ వాదనకు మా వద్ద జవాబు లేకపోయింది.

మూడవ రోజున ట్యాంకుల ఆట మధ్యలో రెండవ కంట్రోలర్ పలకడం మానేసింది. తమ్ముడు తీగ లాగి తెంపేశాడని పదమూడేళ్ళ పెద్దవాడు చెప్పాడు. “నేను లాగలేదు బడే అబ్బా!” అని తొమ్మిదేళ్ళ చిన్నవాడు ఏడ్చాడు. మేము వాణ్ణి మందలించి, మూడు రోజులు ఆట ముట్టకూడదని ఆంక్ష విధించాము. ఏళ్ళ తరబడి విద్యార్థుల తగవులు తీరుస్తూ వచ్చిన మేము ఆనాడు సాక్ష్యం మాట అడగనే లేదు.

మరునాడు సెట్టును దిల్‌సుఖ్‌నగర్ తీసుకువెళ్ళాము. మొదటి దుకాణంలో మూత విప్పకుండానే “బోర్డు పోయింది, పారేయండి” అన్నారు. అక్కడి నుండి వెనుక సందులో ఉన్న ఒక వృద్ధ టీవీ మెకానిక్ వద్దకు వెళ్ళాము. ఆయన సెట్టు వైపు చూడకుండా ముందుగా అడిగిన ప్రశ్న ఇది: “మౌలానా, బాగున్న కంట్రోలర్ కూడా తెచ్చారా?” మేము చెడిందనుకున్న దానినే తెచ్చాము. మళ్ళీ మెట్రో ఎక్కి ఎల్బీనగర్ పోయి, రెండవది తెచ్చాము.

ఆయన కంట్రోలర్లను తారుమారు చేశాడు. చెడిందన్నది మొదటి పోర్టులో చక్కగా పనిచేసింది. బాగున్నది రెండవ పోర్టులో పలకలేదు. దోషం కంట్రోలర్‌లో గాని, దాని తీగలో గాని లేదు. చిన్నవాడి మీది అభియోగంలో సగం అక్కడే వీగిపోయింది.

ఈ యంత్రం పనితీరును ఆయన వివరించిన తీరు మాకు తరగతిలో హాజరు తీసుకోవడాన్ని గుర్తుచేసింది. మా సెట్టు పోర్టులో పైన అయిదు, కింద నాలుగు, మొత్తం 9 సూదులు. వాటిలో కంట్రోలర్ నడవడానికి కావలసినవి అయిదే: 5 వోల్టుల కరెంటు, భూమి తీగ, మూడు సంకేతాల తీగలు. మొదటి సంకేతం “అందరూ ఉన్నచోట నిలవండి” అంటుంది. ఆ క్షణాన ఎనిమిది బటన్లలో ఏది నొక్కి ఉందో కంట్రోలర్‌లోని చిప్ పట్టి ఉంచుతుంది. రెండవ సంకేతం ఒక్కొక్కరి పేరు పిలుస్తుంది. మూడవ తీగపై జవాబు వస్తుంది. ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, ఆపై పైకి, కిందికి, ఎడమ, కుడి. వరుస ఎన్నడూ మారదు. ఇది సెకనుకు 50, 60 మార్లు జరుగుతుంది. కనుక ఒక్క బటన్ మాత్రమే పలకకుంటే కంట్రోలర్‌లోని రబ్బరు బిళ్ళను అనుమానించాలి. ఎనిమిదీ ఒకేసారి మూగబోతే తీగనో, పోర్టునో చూడాలి.

కరెంటు, భూమి తీగ, మొదటి సంకేతం రెండు పోర్టులకూ ఉమ్మడి. పిలుపూ, జవాబూ వేరువేరు. మొదటి పోర్టు నడుస్తున్నదంటే ఉమ్మడి తీగలు బోర్డుమీద క్షేమంగానే ఉన్నాయన్నమాట. వెతకవలసిన చోటు అంతమేరకు తగ్గింది.

మూత విప్పి, తాను ముట్టుకోకముందే భూతద్దం మా చేతికిచ్చి, “మీరే చూడండి. తరువాత నేను చేశానని అనకూడదు” అన్నాడు. పనివాని చేతిలో, అతని పనివల్ల వస్తువు చెడితే బాధ్యత అతనిదేనని హిదాయాలో చాకలి, చినిగిన వస్త్రం ఉదాహరణతో మేము ఏటా బోధిస్తాము. ఆ అధ్యాయం చదవకుండానే ఆయనకు దాని సారం తెలుసు. జవాబు తెచ్చే సూది బోర్డును కలిసేచోట, టంకం చుట్టూ వెంట్రుకవాసి ఉంగరంలాంటి పగులు. దాని అంచు నల్లబడింది. “ఇది నిన్నమొన్నటిది కాదు” అన్నాడు. ప్లగ్గు తోసినప్పుడు, తీగ గుంజినప్పుడు పడే బలమంతా ఈ టంకం మీదే పడుతుందట.

పగులు మీద కొత్త టంకం పూయలేదు. పాతదంతా వేడిచేసి, పంపుతో పీల్చి, ఫ్లక్స్ రాసి కొత్తగా అతికాడు. మీటరు కూత పెట్టింది. తీసుకున్నది నూట యాభై రూపాయలు.

ఇంటివద్ద ప్రయత్నించే యువకులకు ఆయన చెప్పిన రెండు మాటలు: స్విచ్ తీయకుండా కంట్రోలర్‌ను పెట్టడం, పీకడం చేయరాదు. సెగా మెగాడ్రైవ్ కంట్రోలర్ ప్లగ్గు కూడా తొమ్మిది సూదులదే. పట్టింది కదా అని దీనికి తగిలించరాదు. తీగల వరుస వేరు, యంత్రం కాలిపోవచ్చు.

ఆ రాత్రి భోజనాల వద్ద పగులు సంగతి చెప్పగా, మా తమ్ముడు కొంతసేపు మౌనంగా ఉండి అన్నాడు: “భాయీజాన్, అది మా రోజుల్లోనే వదులు. రెండవ ప్లగ్గు కింద అట్టముక్క మడిచి పెట్టి ఆడేవాళ్ళం. అటక మీద ఎక్కడో రాలిపోయి ఉంటుంది.” తన కొడుకుకు శిక్ష పడుతున్నప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, మా ముందు నోరు విప్పలేకపోయానన్నాడు. ఆ జవాబు పగులుకన్నా ఎక్కువగా మమ్మల్ని బాధించింది.

చిన్నవాణ్ణి పిలిచి, పొరపాటు మాదని అందరి ఎదుట చెప్పాము. వాడు కొంచెం ఆలోచించి, “అయితే ఆ మూడు రోజులు?” అని అడిగాడు. మూడు రోజులపాటు మొదటి కంట్రోలర్ వాడికి ఇప్పించాము. పెద్దవాడు ఒప్పుకున్నాడు, సంతోషంగా మాత్రం కాదు.

దాని బి బటన్ రబ్బరు అరిగిపోయింది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరకవచ్చని మెకానిక్ అన్నాడు. వచ్చే శుక్రవారం నమాజు తరువాత చిన్నవాణ్ణి వెంటబెట్టుకుని వెళుతున్నాము.