ఎడమ కాలికి సెలవిచ్చినంత మాత్రాన ఆటోమేటిక్ అయిపోదు

ఇది కొంచెం పొడుగు రాత. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి. మధ్యలో కోపం వస్తే ఆపేయకండి, చివరిదాకా చదివి తర్వాత తిట్టండి.

పోయిన వారం కమిటీ వాళ్ళు మన గ్రూపులో ఒక ప్రకటన పెట్టారు. రిటైరైన సభ్యుల కోసం గుంపుగా కార్లు బుక్ చేస్తారట. పది మంది చేరితే డీలరు తగ్గింపు ఇస్తాడట. బండి "ఆటోమేటిక్" అట, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు వరమట. కింద వరసగా దండాలు, చప్పట్లు. ఒకాయన మాత్రం అడిగాడు, "ఏ రకం ఆటోమేటిక్ అండీ?" అని. దానికి వచ్చిన జవాబు: "ఆటోమేటిక్ అంటే ఆటోమేటిక్ సార్, అన్నీ ఒకటే. క్లచ్ ఉండదు, అంతే."

మా తగువు ఆ "అంతే"తోనే.

మేం అంటే ఆదివారం పొద్దున రాబర్ట్‌సన్‌పేటలో కాఫీకి కలిసే నలుగురం. ఒకరు రైల్వేలో, ఒకరు గనుల్లో, ఒకరు బెమెల్‌లో, ఒకరు బడిలో పని చేసి దిగినవాళ్ళం. మా ఇళ్ళలో, మా బిడ్డల ఇళ్ళలో కలిపి చూస్తే ఇప్పుడు అమ్మే గేర్‌బాక్సులు దాదాపు అన్నీ ఉన్నాయి. అన్నీ ఇదే కేజీఎఫ్ రోడ్ల మీద నడిపాం. బంగారపేటకు, బేతమంగల మీదుగా వి.కోటకు, అటు బెంగళూరుకు, ఇటు తిరుపతికి. ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోలేదు, ఎవరి షోరూములోనూ మా చుట్టాలు లేరు.

ముందు మన గ్రూపులో ఉన్న వీరులకు ఒక మాట. "గేర్ వేయనివాడు డ్రైవరా?" అని నవ్వే బొమ్మలు పెడుతున్నారు కదా. అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కన కడ్డీ పట్టుకుని గేర్లు మార్చిన రోజులు మాకూ తెలుసు. అది అవసరం. గొప్ప ఏమీ కాదు. ఇప్పుడు కె.ఆర్.పురం దాటేలోపు క్లచ్ ఎన్నిసార్లు తొక్కాలో లెక్కపెట్టుకుని, ఇంటికొచ్చి మోకాలికి నూనె రాయించుకునేవాడికి ఆటోమేటిక్ కావాలంటే అందులో నవ్వేందుకు ఏముంది? మన అక్కాచెల్లెళ్ళు స్కూటర్ల మీద ఎన్నో ఏళ్ళుగా గేర్ లేకుండానే తిరుగుతున్నారు. వాళ్ళు డ్రైవర్లు కారా? కాబట్టి మేం ఆటోమేటిక్‌కు శత్రువులం కాదు. ఆటోమేటిక్ అనే పేరు తగిలించి వేరే సరుకు అమ్మడానికి శత్రువులం.

షోరూముకు ఫోన్ చేసి ఒకటికి నాలుగుసార్లు అడిగితే బయటపడింది. కమిటీ చెప్పే బండి ఏఎంటి.

ఏఎంటి అంటే ఏమిటో సూటిగా చెప్తాం. లోపల ఉన్నది మన పాత గేర్ బండి గేర్‌బాక్సే. అదే పళ్ళ చక్రాలు, అదే క్లచ్ పళ్ళెం. క్లచ్ తొక్కడానికి మీ కాలు బదులు, గేర్ మార్చడానికి మీ చెయ్యి బదులు రెండు చిన్న యంత్రాలు బిగించి, వాటి మీద ఒక కంప్యూటరును కూర్చోబెట్టారు. మన దేశంలో మామూలు జనానికి ఇది 2014లో మారుతి సెలేరియోతో వచ్చింది. తర్వాత చాలామంది పెట్టారు. ఒకరు ఏజీఎస్ అంటారు, ఒకరు ఈజీ-ఆర్ అంటారు. చౌక. గేర్ బండి కంటే కొంచెమే ఎక్కువ. పెట్రోలు గేర్ బండి మాదిరే తాగుతుంది. ఈ రెండూ మంచి గుణాలే, కాదనం.

నడిపితే ఎలా ఉంటుంది? మీ ఒళ్ళో ఎవరో కొత్తగా నేర్చుకుంటున్న పిల్లాడు కూర్చుని మీ తరఫున క్లచ్ తొక్కుతున్నట్టు ఉంటుంది. మీరు యాక్సిలరేటర్ నొక్కుతారు, వాడు గేర్ మార్చాలనుకుంటాడు, ఆ క్షణం ఇంజన్ బలం చక్రాలకు తెగిపోతుంది. తల ముందుకు వాలుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. వెనక సీట్లో పెద్దవాళ్ళుంటే ఎదురుగా ఉన్నవాళ్ళకు ఔను ఔను అన్నట్టు తల ఊపుతూ బంగారపేట చేరతారు. గేర్ మారే సమయం పసిగట్టి కాలు కాస్త తేలిక చేస్తే ఈ ఊపు తగ్గుతుంది. మా పంతులుగారు నేర్చుకున్నాడు. కానీ క్లచ్ లేకుండా చూసుకోవాలని బండి కొన్నవాడు మళ్ళీ కాలికి కొత్త విద్య నేర్పాలంటే ఆ డబ్బు ఎందుకు పెట్టినట్టు?

ఊపు చిన్న విషయం. అసలు భయం చఢావులో.

రైల్వే గేటు చూడండి. చాలాచోట్ల పట్టాలు రోడ్డు కంటే ఎత్తులో ఉంటాయి. రెండు పక్కలా రోడ్డు ఎక్కి పట్టాలను దాటుతుంది. బండి వెళ్ళిపోయి గేటు లేవగానే మన జనం సంగతి తెలుసు కదా, వెనక ఆటో మన డిక్కీని ముద్దు పెట్టుకునేంత దగ్గర. గేర్ బండిలో మీరు క్లచ్‌ను సగం వదిలి, బండి ముక్కు కాస్త లేచాక, బ్రేక్ వదులుతారు. ఆ పట్టు మీ పాదానికి తెలుస్తుంది. ఏఎంటిలో ఆ పట్టు కంప్యూటరుకే తెలుసు, మీకు తెలియదు. బ్రేక్ మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీద పెట్టే లోపల బండి వెనక్కి జారుతుంది. భయపడి గట్టిగా నొక్కితే ఒక్కసారి ముందుకు దూకుతుంది. కొత్త బండ్లలో కొన్నింటికి హిల్ హోల్డ్ ఇచ్చారు, రెండు సెకన్ల పాటు బ్రేక్ పట్టుకుంటుంది. అరవై దాటిన కాలికి ఆ రెండు సెకన్లు చాలాసార్లు చాలు, కొన్నిసార్లు చాలవు. అది లేని చౌక మోడల్ అయితే చెప్పే పనే లేదు. కమిటీ ప్రకటనలో మోడల్ పేరు ఉంది కానీ ఇది ఉందో లేదో రాయలేదు.

ఇంకో చెడ్డ అలవాటు. చఢావులో బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టడం. ఏఎంటిలో అలా చేస్తే లోపల క్లచ్ పళ్ళెం రాసుకుంటూ కాలిపోతుంది. వాసన వచ్చేసరికి ఆలస్యం. ఇది అమ్మేవాడు ఏ రోజూ చెప్పడు.

పార్కింగ్ సంగతి కూడా. చాలా ఏఎంటి బండ్లలో పి అనే గడే ఉండదు. ఆర్, ఎన్, డి, ఎం మాత్రమే. ఆపేటప్పుడు గేరులోనే ఉంచి, ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగాలి. బెంగళూరులో కొడుకు బండికి పి చూసి అలవాటైన తండ్రి ఇక్కడ ఎన్‌లో వదిలేసి దిగితే? చాంపియన్ రీఫ్ వైపు ఇళ్ళ ముందు వాలు ఎలా ఉంటుందో అక్కడున్న వాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలైన ఆటోమేటిక్ సంగతి. టార్క్ కన్వర్టర్. ఒక టేబుల్ ఫ్యాను తిరుగుతుంటే ఎదురుగా, ఆపేసిన ఇంకో ఫ్యాను పెట్టండి. గాలి తగిలి అదీ మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. గాలికి బదులు నూనె పోసి రెండింటినీ ఒక డబ్బాలో మూసేస్తే అదే ఇది. కదిలేటప్పుడు ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ముట్టుకునే పళ్ళెం లేదు, నూనె ఉంది. అందుకే బ్రేక్ వదలగానే బండి తనంతట తాను మెత్తగా పాకుతుంది, చిన్న చఢావు అయితే వెనక్కి జారదు. ఈ విద్య కోసం విదేశాలకు చూడక్కర్లేదు. మన బెమెల్ నగర్ ఫ్యాక్టరీలో తయారైన బుల్‌డోజర్లలో ఉన్నది ఇదే. మాలో బెమెల్ ఆయన ఈ ముక్క చెప్పేటప్పుడు మీసం మీద చెయ్యి వేస్తాడు, వేయనివ్వండి. రైల్వేలోనూ షంటింగ్ డీజిల్ ఇంజన్ల కోసం ఎం.ఎం. సూరి అనే మన ఇంజనీరే ఒక పద్ధతి కనిపెట్టాడు, సూరి ట్రాన్స్‌మిషన్ అనే పేరుతో. బరువును కదిలించేటప్పుడు కన్వర్టర్, వేగం అందుకున్నాక నష్టం తక్కువుండే కప్లింగ్. నిలబడిన వ్యాగన్లను లాగడం మొదలుపెట్టే క్షణమే కష్టం అని రైల్వేవాళ్ళకు తెలుసు. గనివాళ్ళకు ఇంకా బాగా తెలుసు. మూడు కిలోమీటర్ల లోతున్న గనిలోకి మనుషుల్ని దించేటప్పుడు కేజీ కదలడం లోపలివాడికి తెలియకూడదు, అదే వైండింగ్ డ్రైవరు పనితనం. మేం కారును చూసేది కూడా ఆ లెక్కతోనే. నూరు దాటాక ఎంత వేగం అని కాదు, సున్నా నుంచి ఎలా కదిలింది అని.

సివిటి ఇంకో రకం. రెండు గిలకలు, మధ్య ఉక్కు బెల్టు. గిలకలు వెడల్పవుతూ ఇరుకవుతూ ఉంటాయి, మెట్లు లేని గేరు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా నుంచి ఇప్పటి స్కూటర్ల దాకా ఉన్నది ఈ పద్ధతే, అక్కడ రబ్బరు బెల్టు. ఊళ్ళో తిరగడానికి దీని అంత హాయి ఇంకోటి లేదు, గేర్ మారిన గుర్తే ఉండదు. లారీని దాటడానికి గట్టిగా నొక్కితే మాత్రం ముందు ఇంజన్ అరుస్తుంది, వేగం తర్వాత తీరుబడిగా వస్తుంది. ముల్బాగల్ రోడ్డులో దాన్ని గుర్తు పెట్టుకుని నడపాలి.

డిసిటి, అంటే రెండు క్లచ్‌ల బండి, మా మేనల్లుడిది ఒకటి నడిపాం. హైవేలో గుర్రం. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకేటప్పుడు పొడి క్లచ్ రకాలు వేడెక్కుతాయి. పెన్షన్‌దారుకు దాని ఖరీదూ పడదు, దాని తొందరా పడదు. వదిలేయండి.

ఏఎంటికి న్యాయంగా ఇవ్వాల్సిన మార్కు ఒకటి ఉంది, ఇస్తాం. మొగిలి ఘాట్‌లో గానీ, తిరుమల నుంచి దిగేటప్పుడు గానీ, ఎంలో పెట్టి రెండో గేరుకు దించితే అది గేర్ బండి మాదిరే ఇంజన్‌తో బండిని పట్టి ఉంచుతుంది. సివిటిని డిలోనే వదిలేసి దిగితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఎల్ గానీ ఎస్ గానీ వాడాలి. టార్క్ కన్వర్టర్‌లో కూడా చేత్తో కింది గేరుకు దించాలి. ఏ ఆటోమేటిక్ అయినా ఘాట్‌లో డిలో పెట్టి బ్రేక్ మీద కాలేసుకుని దిగకండి. ఇది మన గ్రూపులో సగం మందికి తెలియదు, బండి ఇచ్చేటప్పుడు మాకు కూడా ఎవరూ చెప్పలేదు.

ఎందుకింత రాద్ధాంతం అంటారా? ఆ పది పేర్లలో ఎవరున్నారో చూడండి. అందులో ఒక అక్క ఉంది. వారానికి మూడుసార్లు భర్తను డయాలిసిస్‌కు కోలారుకు తీసుకెళ్తుంది. పిల్లలు దూరంగా ఉన్నారు. ఇప్పుడున్న గేర్ బండికి ఆమె కాలు సహకరించడం లేదు, అందుకే పేరిచ్చింది. తెల్లవారుజామున, నీరసంగా ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, చఢావులో ఆగి, వెనక లారీ హారన్ కొడుతుంటే బండి వెనక్కి జారితే ఆమె ఏం చేయాలి? "అన్నీ ఒకటే సార్" అన్న మనిషి వచ్చి పట్టుకుంటాడా? ఇంకొకాయన గ్రాట్యుటీలో మిగిలిన డబ్బంతా ఇందులో పెడుతున్నాడు. మళ్ళీ ఇంకో బండి కొనే వయసు కాదు, వసతి కాదు.

రాబర్ట్‌సన్‌పేట సమతలంలో అంగడికీ గుడికీ తిరిగేవాడికి ఏఎంటి చాలు, హాయిగా కొనుక్కోనివ్వండి. ఆ అక్కలాంటి వాళ్ళకు రెండు మూడేళ్ళు వాడిన సివిటి గానీ టార్క్ కన్వర్టర్ గానీ అదే ధరలో దొరకవచ్చు, వెతకడంలో మేం సాయం చేస్తాం. "పాత బండా?" అని మూతి తిప్పే వాళ్ళు కొత్తదాని వాసన ఎన్ని నెలలుంటుందో చెప్పండి. కరెంటు బండికైతే మార్చుకోవడానికి గేర్లే లేవు, చఢావులో అది రాజు. కానీ ఇంటి ముందు ప్లగ్గు పెట్టుకునే చోటు లేని లైను ఇళ్ళవాళ్ళకు ఇప్పుడే అది చెప్పలేం.

కమిటీకి మేం అడిగేది ఇది. సంఘం పేరు వాడుకుంటున్నారు కాబట్టి ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకముందు డెమో బండిని ఇక్కడికి తెప్పించండి. షోరూము ముందు సమతలంలో ఒక చుట్టు వద్దు. వెనక ముగ్గురిని కూర్చోబెట్టండి, డిక్కీలో ఒక బియ్యం మూట వేయండి. చఢావులో ఆపి, బ్రేక్ వదిలి, ఎంత జారుతుందో ఆ పది మంది ఒక్కొక్కరినీ స్వయంగా చూడనివ్వండి. వెనక్కి తీయడం కూడా చఢావులోనే చేయించండి. హిల్ హోల్డ్ ఉందో లేదో, మన మోడల్‌లోనే ఉందో, కాగితం మీద రాయించుకోండి. పిలిస్తే మేం నలుగురం వస్తాం. బియ్యం మూట మాదే.