గడియ ఎటువైపు?

ఆడవాళ్ళకి ఆస్తి ఉండాలి. ఈ మాట మీద నాకు ఎవరితోనూ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి మాటతోనే. ఆస్తి వచ్చాక ఆడవాళ్ళం ఏం చేస్తున్నాం? ఆ ఆస్తిలోకి అద్దెకొచ్చే మరో స్త్రీతో మన సంబంధం ఏమిటి? ఈ ప్రశ్న వేస్తే మన సభల్లో మాట మారిపోతుంది. ఎవరో ఒకరు టీ వచ్చిందంటారు. అందుకే దీన్ని రాతపూర్వకంగా మీ ముందు పెడుతున్నాను.

సందర్భం చెప్తాను. ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల విద్యానగర్, నల్లకుంట, తార్నాక, హబ్సిగూడ ప్రాంతాల్లో పాత చిన్న అపార్టుమెంట్లు అమ్మకానికి వస్తున్నాయి. కట్టి ముప్ఫై ఏళ్ళు దాటినవి. మూడు నాలుగు అంతస్తులు, ఏడెనిమిది ఫ్లాట్లు, లిఫ్టు ఉండదు. కట్టించిన పెద్దాయన పోయి ఉంటాడు. పిల్లలు అమెరికాలో స్థిరపడి ఉంటారు. విడివిడిగా అమ్ముకునే ఓపిక లేక బిల్డింగంతా ఒక్కసారే ఇచ్చేస్తామంటారు. అలాంటి ఎనిమిది ఫ్లాట్ల బిల్డింగు ఒకటి కొందామని నా సహాధ్యాపకులు నలుగురు అనుకున్నారు. అందరూ స్త్రీలే, అందరూ స్త్రీవాదం చదివినవాళ్ళే, కొందరు పాఠం చెప్పినవాళ్ళు. రిటైర్మెంటు డబ్బులు కలిపి కొని, అమ్మాయిల హాస్టల్ పెడితే నెలనెలా పెన్షన్ లాగా వస్తుందన్నారు. నన్ను ఐదో భాగస్వామిగా రమ్మన్నారు. నేను రానన్నాను. వాళ్ళకి నోటితో చెప్పిన కారణాలనే ఇక్కడ వివరంగా చెప్తున్నాను. ఇది ఆ నలుగురి సంగతి కాదు, మనందరిదీ.

ఆస్తి హక్కు మనకి ఊరికే రాలేదు. 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబాల్లోని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా వచ్చింది. అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. అప్పటికే పెళ్ళయిపోయిన నా తరం వాళ్ళెందరో గీత అవతల మిగిలిపోయారు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పడానికి 2020 దాకా పట్టింది. ఇంతా చేసి, ఇప్పటికీ పుట్టింటి వాళ్ళు పండక్కి పిలిచి, చీర పెట్టి, పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చాం కదమ్మా అని గుర్తుచేసి, హక్కు వదులుకున్నట్టు కాయితం మీద సంతకం పెట్టించుకోవడం చూస్తూనే ఉన్నాం. కాబట్టి సొంత డబ్బుతో సొంత పేరున ఇల్లు కొనే ఆడదాన్ని చూసి నాకు కలిగేది సంతోషమే.

ఆ సంతోషానికి ఆధారం కూడా ఉంది. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం మనలో చాలామందికి తెలిసిందే. భూమీ ఇల్లూ రెండూ లేని వివాహిత స్త్రీలలో 49 శాతం మంది దీర్ఘకాలం భర్తల చేతిలో దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్ళలో అది 7 శాతమే. ఇల్లు మాత్రమే ఉన్నవాళ్ళలో 10 శాతం. చదువు కంటే, ఉద్యోగం కంటే ఇల్లే ఎందుకింత గట్టిగా కాపాడుతోంది? నాకు తోచే జవాబు ఒక్కటే. సొంత ఇంట్లో ఉన్న ఆడదాన్ని పట్టుకుని "పో బయటికి" అని ఎవరూ అనలేరు. పోవాల్సి వస్తే అనేవాడే పోవాలి.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. "పో బయటికి" అన్నమాట నుంచి మనల్ని కాపాడిన ఆ దస్తావేజే, అదే మాట ఇంకొకరిని అనే అధికారాన్నీ మన చేతికిస్తుంది. హాస్టల్లో ఉండే అమ్మాయిని రాత్రికి రాత్రి పెట్టె సర్దుకోమనవచ్చు. ఆమె చేతిలో ఒప్పంద పత్రం ఉండదు. అద్దె రశీదు ఉండదు. కట్టిన అడ్వాన్సు తిరిగి ఎంత వస్తుందో మన దయ. నిన్నటిదాకా అత్తింట్లో మన పరిస్థితి ఏమిటో ఇవాళ మన బిల్డింగులో ఆ పిల్ల పరిస్థితి అదే. అత్తగారి పీఠం ఖాళీ అయితే దాన్ని విరగ్గొట్టాలనుకున్నాం కానీ, ఎక్కి కూర్చోవాలనుకోలేదు కదా?

కొంచెం లెక్కల్లోకి వెళ్దాం. సిద్ధాంతం దాచిపెట్టేది లెక్క బయటపెడుతుంది. పాత అపార్టుమెంటులో కొనేది గోడల్ని కాదు, నేలని. నాలుగు వందల గజాల్లో ఎనిమిది ఫ్లాట్లుంటే ఒక్కో ఫ్లాటుకి యాభై గజాలు. కొత్తగా లేస్తున్న ఆకాశహర్మ్యాల్లో ఫ్లాటుకి అంత నేల వాటా రాదు. గోడలు ఏటేటా పాతబడతాయి, నేల ధర పెరుగుతుంది. కాబట్టి కొనేవాళ్ళ కన్ను ఎప్పుడూ బిల్డరు మీదే ఉంటుంది. ఐదేళ్ళకో పదేళ్ళకో డెవలప్‌మెంటుకి ఇస్తారు, పడగొట్టి కొత్తది కడతారు, వాటా పంచుకుంటారు. మధ్యలో అద్దెకుండే వాళ్ళు నేల మీద కూర్చోబెట్టిన కాపలాదారులు. అంతే. ఎలాగూ పడగొట్టే గోడకి సున్నం ఎందుకు? స్లాబు కారుతుంటే కింద బకెట్ పెట్టుకోమంటారు. ఒక ఫ్యానూ ఒక బల్బూ ఉన్న రోజుల్లో వేసిన వైరింగు మీద గీజర్లూ ఇస్త్రీ పెట్టెలూ ఫ్రిజ్జులూ నడుస్తుంటాయి. 2024 సెప్టెంబరులో మదురైలో ఒక ప్రైవేటు మహిళా హాస్టల్లో ఫ్రిజ్ పేలి మంటలంటుకుని ఇద్దరు స్త్రీలు చనిపోయారు. మన పత్రికల్లో అది లోపలి పేజీ వార్త.

విచిత్రం ఏమిటంటే, ఇంటి అద్దె ఆదాయంలో 30 శాతాన్ని మరమ్మతులూ వగైరా ఖర్చుల కింద ఆదాయపు పన్ను చట్టం మినహాయిస్తుంది. బిల్లు చూపించనక్కర్లేదు. మేకు కొట్టకపోయినా మినహాయింపు మినహాయింపే. అద్దెకున్న అమ్మాయి గది కారకుండా ఉండటానికి ప్రభుత్వం వదులుకున్న పన్ను అది. దాన్ని మనం లాభం అని పిలుచుకుంటున్నాం.

రెండు పడకగదుల ఫ్లాటుని ఒక కుటుంబానికి ఇస్తే పదిహేను వేలు వస్తాయనుకోండి. అందులోనే ఎనిమిది మంచాలు వేసి మంచానికి ఆరు వేలు తీసుకుంటే నలభై ఎనిమిది వేలు. వంటకీ కరెంటుకీ పోగా మిగిలేది కూడా కుటుంబం ఇచ్చే అద్దె కంటే ఎక్కువే. ఇక్కడ మంచానికి అద్దె ఇస్తున్నాం, గదికి కాదు. గది అన్నమాటే ఆ ఇంట్లోంచి మాయమైపోతుంది.

మరి అబ్బాయిలకి కాకుండా అమ్మాయిలకే ఎందుకు? నా మిత్రులు దాపరికం లేకుండా చెప్పారు. "అమ్మాయిలైతే ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారు. అద్దె టైముకి వస్తుంది. గొడవ చెయ్యరు. నాలుగు మాటలన్నా ఊరుకుంటారు." వినడానికి మెచ్చుకోలు లాగే ఉంది. కానీ ఇది పితృస్వామ్యం ఇరవై ఏళ్ళు కష్టపడి తయారుచేసిన అణకువ. దాన్ని మనం రెడీమేడ్‌గా వాడుకుంటున్నాం. ఆ అణకువ మీద వచ్చే రాబడినే పెట్టుబడి లెక్కలో రాసుకుంటున్నాం.

ఇంకొకటి ఉంది, భయం. రాత్రి ఎనిమిదింటికి గేటుకి తాళం వేసేది భద్రత కోసమని చెప్తాం. నిజానికి గేటు తాళం కంటే చవకైన వాచ్‌మన్ లేడు. వీధిలో లైటు వెలగకపోతే మున్సిపాలిటీని అడగం, ఆఖరి బస్సు రాకపోతే ఆర్టీసీని అడగం, పిల్లని లోపల పెట్టి తాళం వేస్తాం. వరంగల్ నుంచో నల్గొండ నుంచో కూతుర్ని దింపడానికొచ్చిన తండ్రికి ముందు చూపించేది ఆ తాళాన్నే, తర్వాతే గది. అమ్ముతున్న సరుకు అదే కాబట్టి. ఎనిమిదింటికి లోపల ఉండాల్సిన అమ్మాయి లైబ్రరీ మూసేదాకా కూర్చోలేదు. సాయంత్రం ఉపన్యాసానికి ఉండలేదు, ఊరేగింపులో నడవలేదు. ఆ అమ్మాయే రేపు మన పత్రికలో రాయాల్సినది.

స్త్రీ విద్యార్థుల భద్రత పేరు చెప్పి మగ విద్యార్థులకు లేని వివక్షాపూరిత నిబంధనలు హాస్టళ్ళలో పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనలు చెప్తున్నాయి. 2015లోనే ఢిల్లీలో 'పింజ్రా తోడ్' పేరుతో అమ్మాయిలు ఈ తాళాల మీదే వీధికెక్కారు. వాళ్ళకి మద్దతుగా సంతకాలు పెట్టినవాళ్ళలో మనమూ ఉన్నాం. కానీ యూజీసీ నిబంధన యూనివర్సిటీ గోడ దాకానే. గోడ దాటి రెండు వీధులు నడిస్తే ఉండే మన బిల్డింగులో ఆ నిబంధన వర్తించదు. అక్కడ చట్టం మనమే. చట్టం మనమే అయినప్పుడు కదా మన స్త్రీవాదం ఏమిటో తెలిసేది!

ఇక కులం. ఎనభైల్లో నేనూ, నా తోటి పరిశోధకురాలూ నల్లకుంటలో గది కోసం తిరిగాం. ఒకావిడ, భర్త పోయిన మనిషి, ఇల్లు ఆవిడ పేరునే ఉంది, గది చూపించింది, అద్దె చెప్పింది, మంచినీళ్ళిచ్చింది. చివర్లో "మీరేమిట్లమ్మా?" అంది. నా స్నేహితురాలు దాచకుండా తాను మాదిగనని చెప్పింది. "మా అబ్బాయిని అడిగి చెప్తానమ్మా" అంది ఆవిడ. అప్పటిదాకా ఆ ఇంటి సంగతుల్లో అబ్బాయి ఊసే లేదు. ఆస్తి ఆడదాని పేరునుంటే కులం తలుపు అవతలే ఆగిపోతుందని ఎవరైనా అంటే నాకు ఆవిడ గుర్తొస్తుంది. ఇప్పుడా ప్రశ్న అడగరు, "వెజిటేరియన్స్ మాత్రమే" అని బోర్డు పెడతారు. కూతుళ్ళకి సమాన వాటా ఇచ్చిన 2005లోనే, ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమ మతస్తులకే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆస్తి ఇచ్చిన చేతే గేటు కూడా ఇచ్చింది. హాస్టల్ నుంచి గెంటేసిన దళిత విద్యార్థులు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 'వెలివాడ' కట్టుకుని చలిలో పడుకున్నది, 2016 జనవరిలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నది చూశాక కూడా, చదువుకునే పిల్లలకి నిలువ నీడ అన్నది కులంతో సంబంధం లేని వ్యాపారం అని మనం అనుకోగలమా?

ఆ బిల్డింగులో ఇంకో స్త్రీ ఉంది. మెట్ల కింద గదిలో. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన వాచ్‌మన్ భార్య. వాచ్‌మన్‌ని పెట్టుకునేటప్పుడు "భార్యాభర్తలిద్దరూ ఉండాలి" అని షరతు పెడతాం. జీతం ఒకరికి, పని ఇద్దరిది. మెట్లు కడిగేది, మోటారు వేసేది, చెత్త దింపేది ఆమె. ఇంటి చాకిరీకి విలువ కట్టాలని ఎన్నేళ్ళుగా వ్యాసాలు రాస్తున్నాం! మన పెట్టుబడి లెక్కలో ఆమె పేరున ఒక్క గడి కూడా లేదు.

నా మిత్రులు నాకిచ్చిన జవాబులు తేలికైనవి కావు. "మేం కొనకపోతే ఏ మగవాడో కొంటాడు, అతను మంచిగా చూస్తాడా?" అన్నారు. చూడడు. కానీ అతను స్త్రీల విముక్తి పేరు చెప్పి కొనడు. "మా ముసలితనం ఎలా గడవాలి?" అన్నది అసలు ప్రశ్న. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్ళకి పాత పద్ధతి పెన్షన్ పోయింది. ప్రైవేటు కాలేజీల్లో జీవితం ధారపోసిన వాళ్ళకి ఏదీ లేదు. ఒంటరి స్త్రీలకి చివరి రోజుల్లో చేతిలో డబ్బు ఉండటం ఆత్మగౌరవ సమస్య అని నాకు తెలుసు. ప్రభుత్వం పెన్షన్ తీసేసి, హాస్టళ్ళు కట్టడం మానేసి, ముసలి స్త్రీ భద్రతని పడుచు స్త్రీ అభద్రత మీద ఆధారపడేలా చేసింది. ఈ ఏర్పాటుని ప్రశ్నించాల్సిన మనం అందులో వాటా కొనుక్కుంటున్నాం.

వర్జీనియా వుల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' 1929లో వచ్చింది. ఏడాదికి ఐదు వందల పౌన్లు, తాళం ఉన్న గది. ఈ రెండింటినీ మనం క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటాం! ఆ పుస్తకంలో ఆ ఐదు వందల పౌన్లు కథకురాలికి ఇచ్చిపోయిన మేనత్త బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయింది. ఆ డబ్బు వెనక ఎవరి చెమట ఉందో వుల్ఫ్ అడగలేదు. వలస దేశపు ఆడవాళ్ళం, మనం అడగాలి. ఆమె కోరిన గడియ గది లోపలి వైపు ఉంటుంది, రాసుకునే స్త్రీ తానే వేసుకునేది. మన హాస్టళ్ళ గడియ బయటి వైపు ఉంది.

కొనొద్దని నేననను. కొనేవాళ్ళు ఆరు మాటలు కాయితం మీద పెట్టండి. ఒప్పందం అమ్మాయితోనే రాసుకోవాలి, తండ్రితో కాదు. ఖాళీ చేయించాలంటే నెలల ముందు నోటీసు ఇవ్వాలి. గేటు తాళం చెవి ఒకటి ఆమె చేతిలో ఉండాలి. కులం, మతం, తిండి అడగకూడదు. ఆ 30 శాతం నిజంగా గోడలకీ వైరింగుకీ ఖర్చుపెట్టాలి. మెట్ల కింద ఉండే స్త్రీకి ఆమె పేరునే జీతం ఇవ్వాలి.

ఈ ఆరూ ఒప్పుకున్నాక ఎంత మిగులుతుందో లెక్క వేయండి. మిగిలితే కొనండి. మిగలకపోతే, ఆ లాభం మొదటి నుంచీ ఎవరి దగ్గర్నుంచి వస్తోందో మీకే తెలుస్తుంది.